పదకొండో టిక్కెట్టు

మొన్న ఆదివారం అనుబంధంలో ఒక రంగుల పేజీ వచ్చింది. నైలు నది మొదలయ్యే చోట రబ్బరు పడవల్లో కొందరు కుర్రాళ్లు నెత్తిన టోపీలు బిగించుకుని, నోళ్లు తెరుచుకుని నురగలో పడి లేస్తున్నారు. యుద్ధాలు ముగిసిన ఉగాండా ఇప్పుడు సాహస యాత్రికులకు స్వర్గమని కింద రాశారు. నలభై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ణి కనుక ఇలాంటి పేజీలు ఎవరు రాస్తారో నాకు తెలుసు. ఆ ఊరు వెళ్లనివాడు రాస్తాడు. నేనూ రాశాను.

పేజీ తిప్పబోతూ ‘జింజా’ అన్న పేరు దగ్గర ఆగిపోయాను. ఆ పేరు నేను మొదట విన్నది అమలాపురంలో, మోకాళ్ల దాకా మేజోళ్లు తొడుక్కున్న ఒక పెద్దాయన నోట.

ఊళ్లో ఆయన్ని ఆఫ్రికా మేష్టారు అనేవారు. అసలు పేరు పోస్టుమేనుకి తెలుసు. ఖాకీ నిక్కరు, తెల్ల మేజోళ్లు, మెడలో తాడుకి వేలాడే విజిలు, నెత్తిన వెడల్పు అంచు టోపీ. ఉగాండా స్కూల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, డెబ్బైల మొదట్లో ఈ వేషంతో సొంత ఊళ్లో బస్సు దిగినప్పుడు ఊరు మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజునుంచి నమస్కారం పెట్టింది. విదేశం నుంచి వచ్చినవాడి నిక్కరుకి మా దగ్గర అంత గౌరవం. తర్వాత రోజుల్లో గల్ఫు నుంచి వచ్చినవాళ్లు టేపురికార్డర్లూ సెంటుసీసాలూ తెచ్చేరు. ఈయన తెచ్చుకున్నది ఒక సూట్‌కేసు, స్లైడు బొమ్మలు గోడ మీద చూపించే ఒక ప్రొజెక్టరు. సరిహద్దులో సైనికులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తుపాకీ కాదని తేలాక వదిలేశారట.

ఆయనకి ప్రయాణమంటే సఫారీయే. పన్ను పీకించుకోడానికి వెళ్తూ కూడా “రేపు రాజోలు సఫారీ ఉందండి” అనేవారు. అక్కడి భాషలో ఏ ప్రయాణాన్నైనా అలాగే అంటారని ఓపిగ్గా చెప్పేవారు గాని, మనవాళ్లు ఒప్పుకునేవారు కాదు. సఫారీ అన్నాక సింహం ఉండాలి. ఆ సింహాన్ని ఆయన ట్యూషన్లో సరఫరా చేసేవారు. లెక్కల మేష్టారు కదా, రైలు బదులు సింహాన్ని పరిగెత్తించేవారు. జింక ఇంత దూరంలో ఉంది, సింహం ఇంత వేగంతో వస్తోంది, ఎక్కడ దొరుకుతుంది? మధ్యలో పెన్సిలు ఆపి, “నేనూ మా ఆవిడా జీపులో కూర్చుని చూస్తున్నాం” అనేవారు. కొన్నాళ్లకి పిల్లలు సింహం లేని లెక్క చెయ్యడం మానేశారు. పబ్లిక్ పరీక్షలో మళ్లీ రైలు వచ్చేసరికి చాలామంది నిరుత్సాహపడ్డారు.

పంటు మీద ఆయన్ని చూడాలి. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిస్తే పంటు. కోటిపల్లి రేవులో మనుషులూ సైకిళ్లూ గేదెలూ పెళ్లివారూ అందరూ దాన్నే ఎక్కుతారు, అందరూ ఒక్కసారే ఎక్కుతారు. ఈయన ఒడ్డున నిలబడి విజిలు ఊదేవారు. “లైన్లో రండి, లైన్లో! ముందు ఆడవాళ్లు, తర్వాత జంతువులు!” జనం నవ్వుతూనే లైను కట్టేవారు. ఆయన దిగి వెళ్లిపోయాక తిరుగు పంటు మామూలుగా, ముందు జంతువులతో నిండేది.

అలాంటి ఒక ప్రయాణంలోనే, ఎనభైలు సగం దాటాక, ఆయన నాతో మనసులో మాట అన్నారు. నేనప్పుడు కోనసీమకంతటికీ ఒక దినపత్రిక విలేఖరిని. ఆయన టోపీ గాలికి ఎగిరిపోకుండా పట్టుకుని నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు.

“అక్కడ యుద్ధం అయిపోయిందండి. పొద్దున్న లండన్ రేడియో చెప్పింది. కొత్త గవర్నమెంటు వచ్చింది. టూరిస్టుల్ని రమ్మంటున్నారు.”

“మంచిదేనండి” అన్నాను.

“మా ఆవిడ అక్కడే ఉండిపోయింది.”

ట్యూషన్లో సింహాల కథల్లో తప్ప ఆమె ఊసు నేను వినలేదు. ఉత్తరాలు రాస్తుంటారా అని అడిగాను. ఆయన నావైపు తిరగలేదు.

“సమాధిలోనండి. జింజాలో. మలేరియా. ఆవిడ పోయిన రెండో నెలలోనే మనవాళ్లందర్నీ దేశం ఖాళీ చెయ్యమన్నారు. రాయి వేయించి, మర్నాడు బస్సెక్కేను. పదిహేనేళ్లవుతోంది. ఒక్కసారి వెళ్లి చూసొస్తే చాలండి.”

వెళ్లే స్తోమత ట్యూషన్ల మేష్టారికి లేదు. అయితే ఆయన బొంబాయిలో ఒక ట్రావెల్ ఏజెంటుకి రాశారు. పది మందిని పోగుచేసి సాహస యాత్రకి తీసుకొస్తే, దారి చూపించే పదకొండో మనిషికి టిక్కెట్టు ఊరికే ఇస్తానని ఆ ఏజెంటు జవాబిచ్చాడు. “పది మందండి, కోనసీమలో పది మంది దొరకరా?” అన్నారు మేష్టారు. దొరుకుతారన్నాను. ఎవరేం అడిగినా ముందు ఔననడం మా అలవాటు.

స్లైడు ప్రదర్శన మిషన్ హైస్కూలు హాల్లో పెట్టారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఊరంతా వచ్చింది, సినిమా హాలు రిపేర్లో ఉందప్పుడు. ఏనుగుల గుంపు, నీటి ఏనుగు ఆవలింత, జలపాతం, చెట్టు మీద చిరుతపులి. ప్రతి బొమ్మకీ మేష్టారు కర్రతో గోడ మీద తట్టి, అప్పుడు తానెక్కడ నిలబడి ఉన్నదీ చెప్పారు. దీపాలు వేశాక ప్రశ్నలు అడగమన్నారు. ముందు రైసుమిల్లు రాజుగారు లేచారు.

“అడ్వెంచరంటే ఏంటండి మేష్టారూ?”

“ప్రాణాలకి ప్రమాదం ఉంటుందండి. కాని ప్రాణం పోదు.”

“పోనప్పుడు ప్రమాదం ఎలా అవుద్దండి?”

హాలు గొల్లుమంది. వెనకబల్ల మీంచి ఒక లంక రైతు అందుకున్నాడు. “టిక్కెట్టు కొనుక్కుని మరీ భయపడాలాండీ? మొన్న గోదారి ఇంట్లోకొస్తే చూరు మీద కూర్చుని రెండ్రోజులు ఊరికే భయపడ్డావండి మేవు!”

“అది వరదండి. ఇది టూరిజం” అన్నారు మేష్టారు.

“ఆయ్” అన్నాడు రైతు, తేడా బోధపడినట్టు.

రాజుగారు మళ్లీ లేచారు. తనకి పులి పక్కన నిలబడి ఫొటో కావాలి.

“ఆఫ్రికాలో పులులుండవండి రాజుగారూ.”

“ఉండవనుకోండి. మనం అంతదూరం నుంచి వచ్చామని చెబితే చూపించరాండీ?”

రిటైరైన నర్సమ్మగారు మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగారు, యుద్ధం జరిగిన చోట ఆస్పత్రులు మిగిలాయా అని. మేష్టారికి తెలియదు. “స్కూళ్లు మిగిలి ఉంటాయండి, వాటినెవరూ కాల్చరు” అన్నారు. సాయంత్రానికి పది పేర్లు వచ్చేశాయి. మొదటి పేరు రాజుగారిది, చివరి పేరు నాది. నా ఖర్చు రాజుగారిదే. అంతదూరం వెళ్లి ఫొటో దిగాక దాన్ని పేపర్లో వేసేవాడు పక్కన ఉండొద్దా అన్నారాయన.

బయల్దేరేముందు రిహార్సల్ ఉండాలన్నది మేష్టారి పట్టు. కొత్తపేట దగ్గర గోదారి మధ్యలో ఒక లంక ఎంచుకున్నారు. చేత్తో రాసిన సూచనల కాగితం పది మందికీ పంచారు. మనిషికి ఒక్క సంచి. పొడి తిండి మాత్రమే. నౌకర్లు కూడదు. అడవిలో గట్టిగా మాట్లాడరాదు.

ఆ ఉదయం రేవులో పడవ ఒకటి చాలలేదు. రాజుగారు వంటవాణ్ణి తెచ్చారు. “నౌకరు కాదండీ, మా ఇంట్లోవాడే” అన్నారు. గుండిగ, చాప, రెండు బిందెలు, ఆవకాయ జాడీ. ఒకాయన బావమరిదిని తెచ్చుకున్నాడు, తోడుకి. నర్సమ్మగారు ఒక్కరే ఒక్క సంచితో వచ్చారు. మేష్టారు కాగితం తీసి చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకుని, విజిలు ఊదారు.

లంకలో ఇసక మీద మమ్మల్ని వరసగా నడిపించారు. “ఏనుగు!” అని అరిస్తే కదలకుండా నిలబడాలి. “ఖడ్గమృగం!” అంటే పక్కకి తప్పుకోవాలి. ఖడ్గమృగంగా ఒక గేదెని చూపించారు. అది మమ్మల్ని చూసి తనే పక్కకి తప్పుకుంది. అరగంటలో రాజుగారు చెప్పులు చేత పట్టుకున్నారు. ఇంతలో గేదె వెనకాలే దాని యజమాని వచ్చాడు, స్లైడు ప్రదర్శనలో లేచి మాట్లాడిన రైతే.

“అయ్యబాబోయ్, పెద్దోళ్లు! ఎండలో ఏంటండిది? మా పాకలోకి రండి.”

“మేం అడవిలో ఉన్నామండి” అన్నారు మేష్టారు గంభీరంగా.

“అలాగేనండి. అడవిలోనే ఉందురుగాని. ముందు భోజనం చెయ్యండి.”

“ఇది ట్రైనింగండి. ఆకలికి తట్టుకోవాలి.”

“మా లంకకొచ్చి ఆకలికి తట్టుకుంటారాండీ? రేపు నా మొహం ఎవరు చూస్తారు?” అతనికి నిజంగానే కోపం వచ్చింది. పావుగంటలో కొబ్బరిబొండాలు దిగాయి. ఆ వెనక పులస దొరికే రోజులు కావని క్షమాపణ చెప్పుకుంటూ ఇంకేదో చేప పులుసు పెట్టాడు. పనసకాయ కూర, గడ్డపెరుగు. తిన్నవాళ్లు తిన్నట్టే మామిడిచెట్టు కింద పడుకున్నారు. రాజుగారి గురక లంకంతటికీ వినిపించింది. మేష్టారు ఒక్కరే ఎండలో, నెత్తిన టోపీతో ఇసక మీద కూర్చుని బిస్కట్లు తిన్నారు. నేను పాక అరుగు మీంచి చూశాను. వెళ్లి పక్కన కూర్చుందామనుకున్నాను. పులుసు బాగుంది.

రిహార్సల్ గురించి వార్త రాసి పంపాను. బుద్ధిగానే రాశాను. ఉగాండాలో శాంతి నెలకొంది, కోనసీమ వాసులు పదకొండు మంది యాత్రకి సిద్ధమవుతున్నారు, పూర్వం అక్కడ పనిచేసిన ఉపాధ్యాయుడు సారథి. మర్నాడు పేపరు విప్పితే శీర్షిక ఇలా ఉంది: ‘నరమాంస భక్షకుల గడ్డపైకి కోనసీమ వీరులు’. ఆ గడ్డని డెస్కులో ఎవరో కూర్చుని కనిపెట్టారు. పత్రికలో అదేమంత పెద్ద తప్పు కాదు. ఆ డెస్కు వాళ్లే తర్వాత ఫోను చేసి బాగా పేలిందన్నారు.

మేష్టారు పేపరు పట్టుకుని సైకిలు మీద వచ్చారు. నేను ఆయన కోపాన్ని అప్పుడే చూశాను. పెద్దగా అరవలేదు. “నా స్టూడెంట్లండీ వాళ్లు” అన్నారు. “నేను వచ్చేసిన రోజున బస్టాండుకొచ్చి ఏడ్చేరు. మనుషుల్ని తింటారా?” సవరణ వేయిస్తానని చెప్పాను. వేయించాను కూడా. ఎనిమిదో పేజీలో, కొబ్బరి ధరల కింద.

ఇక్కడ మా ప్రాంతం పద్ధతి ఒకటి చెప్పాలి. మేము నోటితో ‘కాదు’ అనలేం. పెళ్లికి వెళ్లలేకపోయినా, సంబంధం నచ్చకపోయినా, అడిగిన సాయం చెయ్యలేకపోయినా, దొడ్లోంచి ఒక అరటిగెల కొట్టి వాళ్లింటికి తీసుకెళ్తాం. కూర్చుని, అందరి ఆరోగ్యాలూ అడిగి, అసలు సంగతి ఎత్తకుండా లేచి వచ్చేస్తాం. గెల పుచ్చుకున్నవాళ్లకి అర్థమైపోతుంది. వాళ్లూ ఇక ఆ ఊసెత్తరు. స్నేహం అలాగే ఉంటుంది, గెల కూడా బాగుంటుంది.

వార్త పడిన మూడో రోజున రాజుగారి చక్రకేళి గెల మేష్టారి ఇంటికి వెళ్లింది. మర్నాడు బావమరిదిని తెచ్చినాయనది. ఆ తర్వాత రోజుకి రెండు చొప్పున. నర్సమ్మగారు ఆఖర్న ఇచ్చారని విన్నాను. ఆవిడ కూతురు ఆ పేపరు ముక్క పట్టుకుని గుమ్మానికి అడ్డంగా పడుకుందట. రాజుగారు తప్పుకున్నారనగానే నా ఖర్చూ పోయింది. పోయినందుకు నాకు హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఆ శీర్షిక అబద్ధమని ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు, అయినా భయం వేసింది.

“మీరే తీసుకెళ్లండి, ఎవరిచేతైనా పంపిస్తే బాగోదు” అంది మా ఆవిడ. కర్పూర గెల ఒకటి సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాను.

మేష్టారు జింజా వెళ్లలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఏదో అద్భుతం జరుగుతుందని మీరు ఎదురుచూడకుండా. ఇది జరిగిన మూడేళ్లకి అమలాపురంలోనే పోయారు. నాలుగు లైన్ల వార్త వచ్చింది. నేనే రాశాను, ఈసారి శీర్షిక కూడా.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి వీధరుగు మీద తొమ్మిది గెలలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతి గెలకీ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దగ్గరికి వెళ్లి చూశాను. రాజుగారి పేరు, సీటు నంబరు ఒకటి. నర్సమ్మగారి పేరు, సీటు నంబరు తొమ్మిది, కిటికీ పక్కన. మేష్టారు బల్ల దగ్గర కూర్చుని బొంబాయికి ఉత్తరం రాస్తున్నారు. పక్కన పాస్‌పోర్టు ఉంది. నా సైకిలు వెనకాల ఉన్నది చూడగానే లేచి గట్టిగా విజిలు ఊదారు.

“పది! పదో గెల! మీరొకరే తేలలేదండి, మీకోసమే ఉత్తరం ఆపేను.”

ఆయన పుట్టింది కోనసీమలోనే కదా, గెలంటే తెలియదా అని మీరడగొచ్చు. నేనూ అదే అనుకుంటూ నిలబడ్డాను. పదిహేనేళ్లుగా ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. అందుకని ఎవరికీ ఆయనకి గెల ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

ఆయన నా గెల విప్పుతూ చెప్పుకుపోతున్నారు. “అక్కడా ఇంతేనండి. వాళ్ల అన్నమే అరటికాయ. గెల తెచ్చి గుమ్మంలో పెట్టేరంటే, మేము మీవాళ్లం, మీవెంట ఉన్నాం అని. మా ఆవిడ పోయిన రోజున గుమ్మంలో అడుగు పెట్టడానికి చోటు లేదు. మనవాళ్లకీ ఆ మర్యాద ఉందని నేను మర్చేపోయేను చూడండి.” అట్టముక్క మీద నా పేరు రాసి దారం ఎక్కిస్తున్నారు.

అప్పుడు నేను మా ఊళ్లో ఎవరూ అనని మాట అన్నాను.

“మేష్టారూ, నేను రానండి.”

ఆయన దారం పట్టుకునే ఉన్నారు. నా మొహం చూశారు. తర్వాత అరుగు మీది గెలలకేసి చూశారు, ఈ చివర్నించి ఆ చివరికి.

“ఈ తొమ్మిదీనా?”

“ఆయ్” అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని టోపీ తీశారు. అన్నేళ్లలో ఆయన నెత్తి నేను చూడలేదు. టోపీ అంచు ఒత్తుకున్న చోట నుదుటి మీద గాడి పడి ఉంది. రాస్తున్న ఉత్తరాన్ని మడిచి పాస్‌పోర్టు కింద పెట్టారు. నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వారు.

“ఒకందుకు మంచిదేలెండి. సింహం ఎక్కడుంటుందో నాకు తెలీదు.”

“అదేంటండీ?”

“ఒక్కటీ చూళ్లేదండి. పదకొండేళ్లూ స్కూలు, ఇల్లు, చర్చి. శనివారం బజారు. ఆ స్లైడులు నైరోబీలో షాపులో కొన్నవి. పది మందినీ తీసుకెళ్లి ఏం చూపించాలా అని వారం నుంచి సతమతమవుతున్నాను. యుద్ధంలో సైన్యాలు అడవి జంతువుల్ని చాలావరకు కాల్చుకు తిన్నాయట, ఆ మాట చెప్పి తప్పించుకుందామనుకున్నాను.”

“మరి ట్యూషన్లో మీరూ, మీ ఆవిడా, జీపూ…”

“ఆవిడ అడిగిందండి. సింహాన్ని చూపించమని. వచ్చే సెలవుల్లో చూద్దామన్నాను. ప్రతి సెలవులకీ అలాగే అన్నాను.” నా పేరున్న అట్టముక్కని వేళ్లతో తిప్పారు. “పిల్లలకి చెప్పేటప్పుడు మాత్రం తీసుకెళ్లేను.”

లేవాలో కూర్చోవాలో నాకు తెలియలేదు. మా పద్ధతి ప్రకారం అయితే ఈపాటికి ఆరోగ్యాలు అడిగి లేచి ఉండాలి. ఆయనే నా జేబులోని నోట్‌బుక్కు వైపు చూపించారు.

“మీరు నలుగురూ తిరిగే చోట ఉంటారు. అటు వెళ్లేవాళ్లు ఎప్పుడైనా తగులుతారు. రాసుకోండి.”

రాసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కొక్క ముక్కా ఆగి ఆగి చెప్పారు. అందులో ఏనుగు లేదు, చిరుత లేదు.

“కంపాలాలో బస్సెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. డ్యాము దాటేటప్పుడు సరస్సు కనిపిస్తుంది. దాటగానే జింజా. బస్టాండులో దిగి సరస్సు వైపు నడవాలి. దారిలో ఎవరో ఒకరు పలకరిస్తారు. తొందరగా వెళ్లిపోకూడదు. ముందు ఇంట్లోవాళ్లు ఎలా ఉన్నారని అడుగుతారు, మనలాగే. చెప్పి, మనమూ వాళ్లింట్లోవాళ్లని అడగాలి. స్కూలు గోడ వెంబడి వెళ్తే చివర చెక్క గేటు. తాళం ఉండదు, కొంచెం ఎత్తి తొయ్యాలి, కింద నేలకి రాసుకుంటుంది. లోపల మూడో వరస. ఎడమవైపునించి ఏడోది.”

“ఇన్ని యుద్ధాలు జరిగేయి కదండీ. ఇంకా అలాగే ఉంటుందంటారా?”

“తెలీదండి. అందుకే కదా వెళ్దామన్నది.”

“ఉంటే, గుర్తుపట్టడం ఎలాగండి?”

“తెలుగులో చెక్కించేను. నేను కాగితం మీద రాసిస్తే, అక్కడి మేస్త్రి బొమ్మ చూసి దించినట్టు దించేడు. ఆ ఊరు మొత్తానికి తెలుగు రాయి అదొక్కటే. మీరైతే నడుస్తూనే చదివేస్తారు” అన్నారు. కళ్లు తెరిచి, నేను సరిగ్గా రాసుకున్నానో లేదో చూసి, మళ్లీ అన్నారు:

“నేను వచ్చేశాక దాన్ని చదివినవాళ్లు లేరండి.”